వెనక సీటులోంచి దారి

నా భార్య ఈ నెల మొదట్లో చనిపోయింది. నాలుగు మాటలు రాయమని మిత్రులు అడిగారు. సత్తుపల్లి నుంచి భద్రాచలం దాకా ఆమెను ఎరిగినవాళ్ళు చాలామంది ఉన్నారు. వాళ్ళ కోసమూ, ఎరగనివాళ్ళ కోసమూ రాస్తున్నాను.

చివరి రోజు సంగతి ముందు చెబుతాను. చెప్పడానికి అందులో పెద్దగా ఏమీ లేదు. సోమవారం. బడికి ఎండాకాలం సెలవులు. పొద్దున లేచి పెసరట్లు పోసింది. నాకు మూడోది వద్దంటే వినలేదు. గుండె బలహీనంగా ఉందని డాక్టరు చెప్పి ఏడాది దాటింది. మాత్రలు వేళకు వేసుకునేది. మధ్యాహ్నం అన్నం తిన్నాక మంచం ఎండ పడని చోటికి జరపమంది. జరిపాను. "అటు కాదు, కొంచెం ఉత్తరానికి" అంది. మళ్ళీ జరిపాను. నాతో అన్న చివరి మాట అదే. సాయంత్రం టీ పెట్టి తీసుకెళ్ళి లేపితే లేవలేదు. దవాఖానాకు తీసుకుపోయాం. డాక్టరు చెయ్యి పట్టుకుని చూసి, నిద్రలోనే పోయిందన్నాడు. అంతే.

మా ఇంట్లో కుడి, ఎడమ అనే మాటలు తక్కువ. పప్పు డబ్బా తూర్పు అరలో ఉండేది, నా కళ్ళజోడు పడమటి కిటికీలో ఉండేది. కొత్తగా వచ్చిన చుట్టాలు నవ్వేవాళ్ళు. రెండు రోజులుంటే వాళ్ళకూ అలవాటయ్యేది. ఆమె బడిలో సోషల్ టీచరు. కానీ ఈ అలవాటు బడి నుంచి వచ్చింది కాదు. వాళ్ళ నాన్న నుంచి వచ్చింది. ఆయన కొత్తగూడెంలో భూగర్భ గనిలో పనిచేశాడు. బొగ్గు టబ్బులను, అంటే పట్టాల మీద నడిచే చిన్న పెట్టెబళ్ళను, తాడుతో లాగే యంత్రం నడిపేవాడు. చీకట్లో దిక్కు తెలియని మనిషి భూమి మీద కూడా సగం మనిషేనని ఆయన పిల్లలతో అనేవాడట.

నేను వేంసూరు వైపు వ్యవసాయ కుటుంబంలో పుట్టాను. మా తాత కాలంలో కృష్ణా జిల్లా నుంచి వచ్చి భూములు కొన్నారు. ఖమ్మంలో బీఎస్సీ చదివి, పొలం మీద మనసు నిలవక, సత్తుపల్లిలో మోటారు విడిభాగాల దుకాణం పెట్టాను. ఆమెకు దమ్మపేట అవతల అడవి అంచు బడిలో ఉద్యోగం. వానాకాలంలో బస్సు ఆ ఊరిదాకా వచ్చేది కాదు. నా పాత బుల్లెట్ మీద దింపి వచ్చేవాణ్ణి.

పెళ్ళయిన మొదటి ఏడే ఒకసారి బండి మీద నా వీపున ఒక్క చరుపు చరిచింది. "ఏంటి?" అని అడుగుతూ నేను బండి పోనిచ్చాను. ముందు రాత్రి వానకు దారి కోసుకుపోయి ఉంది. ఇద్దరం బురదలో పడ్డాం. ఆమె లేచి, చీర కుచ్చెళ్ళు పిండుకుంటూ అంది:

"గనిల టబ్బులు నడిచే దారి పొడుగునా ఒక తీగ ఉంటది. ఎవరు ముట్టుకున్నా యంత్రం కాడ గంట మోగుతది. ఒక్క గంట మోగితే మా నాయిన ఆపేటోడు. ఎవరు కొట్టిండ్రు, ఎందుకు కొట్టిండ్రు అనేది ఆపినంకనే అడిగేది. మీరేమో ముందు అడుగుతున్నరు, తర్వాత పడుతున్నరు."

ఆ రోజు నుంచి మాకొక భాష ఏర్పడింది. వీపు మధ్యలో ఒక దెబ్బ అంటే ఆగాలి. అది గనిలోంచి వచ్చింది. కుడి భుజం మీద రెండు తడితే కుడికి, ఎడమ భుజం మీద తడితే ఎడమకు. అవి ఆమె కల్పించినవి. ఇంట్లో నన్ను మీరు అనేది. బండి ఎక్కితే నువ్వు అనేది. "మీరు అనేలోపు మలుపు దాటిపోతది" అని దానికి సంజాయిషీ.

ఇక నేపాల్ సంగతి. అది ఎనభైల మొదట్లో. మధిరలో నాకొక మిత్రుడున్నాడు. రైస్ మిల్లు ఆయనది. భారీ మనిషి, అంతకంటే భారీ గొంతు. ఆయన ఒకరోజు దుకాణానికి వచ్చి ఒక ఇంగ్లీషు పత్రిక నా ముందు పరిచాడు. నేపాల్ పల్లపు అడవుల్లో మోటారు సైకిళ్ళ పోటీ. అది రేసు కాదు. రోడ్డు ఉండదు. చేతికి ఒక మ్యాపు, ఒక దిక్సూచి ఇస్తారు. అడవిలో, ఏటి ఇసుకలో అక్కడక్కడా దాచిన గుర్తులను వెతుక్కుంటూ, రెండు రోజుల్లో చివరి జెండా చేరాలి. జట్టుకు మూడు బళ్ళు. సూర్యాస్తమయానికి జెండా దించుతారు. ఆలోపు మూడు బళ్ళూ రావాలి. ఒక్కటి రాకపోయినా జట్టు మొత్తం లెక్కలో ఉండదు.

మిత్రుడిదొక బండి, నాదొకటి. మూడోది నా బావమరిదిది. నా భార్యకు తమ్ముడు, కొత్తగూడెం గనిలో ఫిట్టరు. విప్పి బిగించలేని యంత్రం లేదతనికి. మ్యాపు చూసే మనిషే కావాలి. మిత్రుడు ఎవరో కాలేజీ లెక్చరరు పేరు చెబుతున్నాడు. నా భార్య టీ గ్లాసులు తెచ్చి పెడుతూ మ్యాపు చూసేది తానేనంది.

"ఏందమ్మా చెల్లెమ్మా, నేపాలంటే మీ దమ్మపేట అనుకున్నావా?" అన్నాడు మిత్రుడు.

"దమ్మపేటల మీరు మూడుసార్లు దారి తప్పిండ్రు కదన్నా. నేపాల్ అంతకంటే కష్టమా?"

బావమరిది నవ్వు ఆపుకోలేక బయటికి వెళ్ళిపోయాడు.

మా అమ్మ ఒప్పుకోవడానికి ఇంకా ఎక్కువ సమయం పట్టింది. "ఫారిన్ అంటే విమానమెక్కి పోతారు గానీ, మోటారు సైకిలు మీద పోయే ఫారిన్ ఏంట్రా? అందులోనూ వెనకాల కూర్చోడానికి అంత దూరం ఎందుకు? ఆ కూర్చునేదేదో ఇక్కడే కూర్చోవచ్చుగా." ఊళ్ళోనూ ఇదే మాట. వెనక కూర్చునేది. ఆ మాట ఆమె చెవిన చాలాసార్లు పడింది. బయలుదేరే ముందు ఒక సాయంత్రం నాతో అంది: "మీరు ముగ్గురు తప్పిపోతే అడవి పెద్దదంటరు. నేనుండి తప్పిపోతే ఆడమనిషి తప్పించిందంటరు. తర్వాత ఇంకే ఆడమనిషినీ ఎవరూ ఎంట తీసుకపోరు. అందుకే తప్పిపోవద్దు."

నాకు పోటీలో గెలవాలని ఉంది. ఆమెకు కావలసింది అంతకంటే పెద్దదని అప్పుడు తెలిసింది.

అశ్వారావుపేట నుంచి ములకలపల్లి మీదుగా భద్రాచలం దాకా ఉన్న అడవే మాకు అభ్యాసం. బండి దారులు, కలప లారీల దారులు, పశువుల దారులు. ఆమె తన మ్యాపు చేత్తో గీసుకునేది. దారి అడగడంలో ఆమెకొక పట్టుదల ఉండేది. "ఇది ఫలానా ఊరికి పోయే దారేనా అని ఎన్నడూ అడగొద్దు. ఎదుటిమనిషి మర్యాదకు అవ్ అంటడు. ఈ దారి ఎక్కడికి పోతది అని అడగాలె. అప్పుడు ఆలోచించి చెప్తడు." కోయగూడేల్లో నీళ్ళు తాగడానికి ఆగినప్పుడల్లా ఆమె అలాగే అడిగేది. చెప్పినవాళ్ళు చేయి చాపి, దూరం ఎంతుంటే అంత సాగదీసి కూత వేసి చూపేవాళ్ళు. ఆ కూత ఆమె కూడా నేర్చుకుంది. మిత్రుడు మాత్రం "ఎట్టా అడిగితే ఏముందమ్మా, దారి దారే" అనేవాడు.

అక్టోబరులో బయలుదేరాం. భద్రాచలం వంతెన దాటగానే మిత్రుడు బండి ఆపి కొబ్బరికాయ కొట్టాడు. చిప్ప ఎగిరి నా హెడ్‌లైటు అద్దానికి తగిలి బీట పడింది. "దిష్టి పోయింది" అన్నాడు ధైర్యంగా. కుంట, జగదల్‌పూర్, రాయ్‌పూర్ మీదుగా ఉత్తరానికి పోయాం. ఆమె తమ్ముడి ప్యాంటు వేసుకుని, పైన నా చొక్కా తొడుక్కుని, జడ చుట్టి హెల్మెట్ పెట్టుకుంది. టీ దుకాణాల్లో జనం మా బళ్ళ కంటే ఆమెనే ఎక్కువ చూసేవాళ్ళు. ఆమె వాళ్ళ వైపు తిరిగి దారి ఎక్కడికి పోతుందో అడిగేది. చూడ్డం మాని చెప్పడంలో పడేవాళ్ళు.

నేపాల్ శిబిరంలో పేర్లు రాసుకునే పెద్దమనిషి మర్యాదస్తుడే. ఆమె పేరు ఎదురుగా ఇంగ్లీషులో పాసింజరు అని రాశాడు. ఆడవాళ్ళకు వేరే గుడారం ఉందనీ, పోటీ అయ్యేదాకా అక్కడ విశ్రాంతి తీసుకోవచ్చనీ చెప్పాడు. ఆమె కాగితం తన వైపు తిప్పుకుంది.

"పాసింజరు కాదు. నావిగేటరు అని రాయండి" అంది ఇంగ్లీషులో.

"నావిగేటరు అయితే తప్పు జరిగితే బాధ్యత కూడా మీదేనమ్మా. ఆడవాళ్ళని సడలింపులేమీ ఉండవు."

"అదే రాయమంటున్నాను."

ఆయన కొట్టేసి రాశాడు. మా మిత్రుడు నా చెవిలో "తప్పించుకునే అవకాశం కూడా లేకుండా చేసిందిరా చెల్లెమ్మ" అన్నాడు. ఆ గొంతులో మొదటిసారి కొంచెం భయమూ, కొంచెం గౌరవమూ వినిపించాయి.

మొదటి రోజు బాగా గడిచింది. సాల చెట్ల అడవి, మనిషెత్తు గడ్డి, ఎండిన ఏళ్ళు. అందరూ పోయిన చక్రాల జాడలు ఒక పక్కకు ఉంటే ఆమె ఇంకో పక్కకు తట్టేది. నా చూపు ఆ జాడల మీదే ఉండేది. అయినా తిప్పేవాణ్ణి. "గుర్తు దొరికినోళ్ళు మల్ల ఇదే దారిన రావాలె. ఆ జాడలన్నీ పోయినోళ్ళవే, వచ్చినోళ్ళవి ఒక్కటి గూడ లేదు" అంది ఒకచోట. చూస్తే నిజమే. కాసేపటికి ఆ పోయినవాళ్ళంతా వెనక్కి తిరిగి వస్తూ కనిపించారు. సాయంత్రానికి మేం రెండో స్థానంలో ఉన్నాం.

రెండో రోజు సూర్యుడు వాలుతుండగా ఏటి ఒడ్డుకు చేరాం. ఏరు అక్కడ పెద్ద వంపు తిరుగుతుంది. వంపుకు అవతల, క్యాంపు దగ్గర, చివరి జెండా కనిపించింది. ఎర్రగా, చిన్నగా. దారి మాత్రం వంపు చుట్టూ తిరిగి పోతుంది. గుర్తులన్నీ మాకు దొరికాయి. ఇక పోవడమే మిగిలింది. నేను యాక్సిలరేటర్ తిప్పాను. వీపు మధ్యలో ఒక్క దెబ్బ పడింది.

ఆపాను. జెండా కళ్ళముందు ఉంది, ఇంకో జట్టు మమ్మల్ని దాటుకుని పోతోంది, అయినా ఆపాను. ఆపిన తర్వాతే అడిగాను.

"మూడో బండి ఏది?" అంది.

వెనక బావమరిది ఒక్కడే ఉన్నాడు. "దుమ్ము తగ్గాలని ఎడం పెట్టిండక్కా. వస్తుండు కావచ్చు" అన్నాడు. దుమ్ము తగ్గింది. ఎవరూ రాలేదు. బావమరిది బండి వెనక్కి తిప్పబోయాడు. "నేను పోయి దేవులాడుకొస్త. నువ్వూ బావా ముందు పోండి."

"నువ్వు గూడ తప్పిపోతే ఇద్దరిని దేవులాడాలె. నువ్వు ఇక్కడనే నిలబడు. ఆయనొస్తే కదలనియ్యకు. మ్యాపు నా దగ్గరుంది, నేను పోత."

వెనక్కి పోయాం. దారి రెండుగా చీలే చోట ఒకామె గడ్డి కోసుకుంటోంది. నా భార్య దిగి, తనకొచ్చిన బడి హిందీలో, ఈ రెండో దారి ఎక్కడికి పోతుందని అడిగింది. పడవల రేవుకు అంది ఆమె. బండి మీద లావుపాటి మనిషి ఎవరైనా వెళ్ళాడా? వెళ్ళాడు. ఇది క్యాంపు దారేనా అని అడిగాడు, అవునన్నాను. క్యాంపు ఇటు కాదు కదా? కాదు. మరి అవునని ఎందుకన్నావు? గడ్డి కోసే ఆమె సిగ్గుపడి నవ్వింది. అంత అలిసిపోయిన మనిషి, అంత ఆశగా అడిగాడు. లేదని ఎట్లా చెప్పేది?

రేవు చేరేసరికి మిత్రుడి బండి పడవ మీద ఉంది. పక్కనే ఆయన నిలబడి ఉన్నాడు. పడవవాళ్ళు గెడలు వేస్తున్నారు. నా భార్య ఒడ్డున నిలబడి కోయగూడేల్లో నేర్చిన కూత వేసింది. పడవ ఆగింది. మిత్రుడు వెనక్కి తిరిగాడు.

"ఏందమ్మా చెల్లెమ్మా, ఇంకా ఇక్కడే ఉన్నారా? క్యాంపు అవతలేనంటగా!"

"ఎవరన్నరు?"

"అందరూ అన్నారు! అడుగు కావాలంటే."

"మీరేమని అడిగిండ్రన్నా?"

మిత్రుడి గొంతు తగ్గింది. "క్యాంపు అవతలేగా, అని."

ఆమె బండి దింపడానికి పడవ అంచు పట్టుకుంది. ఆ తర్వాత ఆయన తన జన్మలో ఎప్పుడూ ఎవరినీ 'ఇదేనా' అని దారి అడగలేదు.

బావమరిది నిలబడ్డ చోటికి తిరిగి వచ్చేసరికి సూర్యుడు చెట్ల తలలకు తగులుతున్నాడు. వంపు చుట్టూ తిరిగి పోతే అందదు. ముగ్గురం ఆమె వైపు చూశాం. ఆమె మ్యాపు చూసింది, ఏరు చూసింది. నీళ్ళు అవతలి పాయలో ఉన్నాయి. మాకూ జెండాకూ మధ్య ఎండిన పాయ. వట్టి ఇసుక.

"దిగబడతాయమ్మా బళ్ళు" అన్నాడు మిత్రుడు.

"పొడి ఇసుకల దిగబడతయి. కింద తడి ఉన్న ఇసుక గట్టిగుంటది. నేను కాలితో చూస్త. నా అడుగుల మీదనే రండి. అటూ ఇటూ పోవద్దు."

బూట్లు విప్పి నా చేతికిచ్చింది. ప్యాంటు మోకాళ్ళ దాకా మడిచి ఇసుకలోకి దిగింది. మొదట నడిచింది, తర్వాత పరుగెత్తింది. ఒకచోట ఆగి, కాలు నొక్కి, పక్కకు జరిగి, మళ్ళీ పరుగు. ఆమె అడుగుల మీద నా బండి, నా వెనక మిత్రుడిది, చివర బావమరిదిది. మొదటి గేరులో, కాళ్ళు చాపుకుని, ఒకరినొకరం తిట్టుకుంటూ. మిత్రుడి బండి ఒకసారి కూరుకుంది. బావమరిది దిగి భుజం పెట్టి ఎత్తేశాడు. ఆమె వెనక్కి చూడలేదు. చూస్తే మేం ఆగిపోతామని తెలుసు.

జెండా దగ్గర ఉన్న మనిషి తాడు చేతిలోకి తీసుకున్నాడు. మమ్మల్ని చూశాడు. తాడు పట్టుకునే నిలబడిపోయాడు. ముందు ఆమె దాటింది, ఉత్తకాళ్ళతో. తర్వాత మూడు బళ్ళూ దాటాయి. బావమరిది చక్రం గీత దాటాక జెండా కిందికి దిగింది.

మాకంటే ముందు చాలా బళ్ళు చేరాయి. కానీ చాలా జట్లలో ఒక బండో రెండు బళ్ళో అడవిలోనే ఉండిపోయాయి. మమ్మల్ని దాటుకుని పోయిన జట్టు కూడా తమ మూడోవాడి కోసం గీత దగ్గర నిలబడి ఎదురుచూస్తోంది. గుర్తులన్నీ పట్టుకుని, మూడు బళ్ళతో వచ్చిన జట్లలో మాదే మొదటిది.

మరునాడు బహుమతి ఇచ్చేటప్పుడు, పేర్లు రాసుకున్న ఆ పెద్దమనిషే జట్టు కెప్టెన్ రావాలన్నాడు. మేం ముగ్గురం కదల్లేదు. ఆయన కాగితం చూసుకుని, గొంతు సవరించుకుని, "నావిగేటరు" అని పిలిచాడు. ఆమె వెళ్ళి కప్పు తీసుకుంది. మిత్రుడు ఈల వేశాడు. అంత పెద్ద ఈల ఆ దేశంలో అంతకుముందు వినిపించి ఉండదు. తిరిగి వచ్చి నా పక్కన నిలబడి, పెదవులు కదలకుండా అంది: "ఆడమనిషి తప్పించిందని ఇగ ఎవరూ అనలేరు."

సత్తుపల్లిలో బస్టాండు దగ్గర జనం దండలతో ఎదురొచ్చారు. దండలు ముందు నాకు వేయబోయారు. మా అమ్మ గుంపులోంచి వచ్చి ఆ చేతులు ఆపింది. "మావాడు బండి తోలాడంతే. దారి చూపింది కోడలు" అంది. అంత నేపాల్‌లోనూ నాకు కళ్ళు చెమర్చలేదు. అక్కడ చెమర్చాయి.

ఆ తర్వాత మేం మళ్ళీ పోటీలకు పోలేదు. ఆమెకు ఆ అవసరం కనిపించలేదు. అడవి ఊళ్ళలో కొత్తగా ఉద్యోగాలు వచ్చిన నర్సులు, పంతులమ్మలు అప్పటికి మోపెడ్లు కొనుక్కుంటున్నారు. దారి తెలియక, ఎవరో ఒక మగతోడు దొరికేదాకా రోడ్డు మీద నిలబడేవాళ్ళు. ఆమె వాళ్ళను పోగుచేసింది. ఏటా సెలవులయ్యి బడులు తెరిచే ముందు ఒక రోజు అందరినీ వెంటబెట్టుకుని అడవిలోకి తీసుకుపోయేది. దిక్కు చూడటం, జాడ చూడటం, ఇసుక చూడటం, దారి అడగటం. సాయంత్రం ఒక్కొక్కరికీ ముందు నడిచే వంతు ఇచ్చేది. తాను చివరి బండి వెనక కూర్చునేది. "తప్పితే తప్పనియ్యండి. మల్ల దొరికిచ్చుకునుడే గదా నేర్చుకునేది" అనేది. డాక్టరు వద్దన్నాక కూడా నిరుడు అడవికి వెళ్ళింది. నేనే తీసుకెళ్ళాను. వంతు వచ్చిన పిల్ల తప్పుదారి పట్టింది. నా వీపు మీద దెబ్బ పడలేదు. వెనక్కి తిరిగి చూస్తే ఆమె నవ్వుతోంది.

ఈ ఏడు ఆ రోజు దగ్గరికొచ్చింది. నిన్న చర్ల వైపు పనిచేసే నర్సమ్మ మా ఇంటికి వచ్చింది. నా భార్య దగ్గర మొట్టమొదట నేర్చుకున్నవాళ్ళలో ఒకరు. గుమ్మంలో నిలబడి, "సార్, ఈ ఏడు వద్దనుకుంటున్నం. టీచరమ్మ లేకుండ ఎట్ల పోతం?" అంది. మా అక్కయ్య లోపలినుంచి, కర్మలు అయ్యి వారం కాలేదు, ఇంట్లోంచి కదలకూడదంది.

"ఎంతమంది కొత్తవాళ్ళు వస్తామన్నారు?" అని అడిగాను.

"శానమంది సార్. ఈసారి పిల్లలు ఎక్కువున్నరు."

"అయితే పోవాలి. ముందు నువ్వు నడువు."

"మరి మీరు, సార్? మీ బండి?"

ఆ బండి మీద వెనక ఖాళీగా పెట్టుకుని నేను పోలేను. అది నర్సమ్మతో చెప్పలేదు. చెప్పవలసిన మాట వేరే ఉంది. చెప్పాను. నర్సమ్మ ముందు వద్దంది, తర్వాత కళ్ళు తుడుచుకుని సరేనంది.

రేపు పొద్దున ములకలపల్లి దారిలో బళ్ళన్నీ కలుసుకుంటాయి. నేను హెల్మెట్ పెట్టుకుని, నర్సమ్మ మోపెడ్ వెనక సీటులో కూర్చుంటాను. ఆమె ఎటు తిప్పితే అటు పోతాను.